ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు: మానిటరింగా, కుబర్నెటిసా, బ్యాకపా?

ఫోర్త్ ఇయర్ ఆఖరి సెమిస్టర్ మొదలైతే చాలు, జూనియర్ల నుంచి ఒకటే ప్రశ్న: "అన్నా, సిస్టమ్ అడ్మిన్ వైపు వెళ్దామనుకుంటున్నాం. మేజర్ ప్రాజెక్టు ఏం చేయమంటావ్?" చాలామంది మనసులో ముందే రెండు ఉంటాయి. ఒకటి సర్వర్ల కొలతలు సేకరించే ప్రొమీథియస్, వాటిని గ్రాఫులుగా చూపే గ్రాఫానాలతో మానిటరింగ్. రెండోది కుబర్నెటిస్ క్లస్టర్, అంటే కంటైనర్లలో పెట్టిన అప్లికేషన్లను కొన్ని మెషీన్ల మీద కలిపి నడిపే ఏర్పాటు. బ్యాకప్-రీస్టోర్ మాత్రం నేను చెప్తే గానీ ఎవరికీ గుర్తు రాదు.

మానిటరింగ్ చూడ్డానికి బాగుంటుంది. కానీ మెషీన్ కొలతలు అందించే నోడ్ ఎక్స్‌పోర్టర్ పెట్టి, గ్రాఫానాలో 1860 నంబరు రెడీమేడ్ డ్యాష్‌బోర్డ్ ఇంపోర్ట్ చేసుకుంటే ఒక్క పూటలో స్క్రీన్ నిండా గ్రాఫులు వచ్చేస్తాయి. "ఇందులో మీరు చేసిందేమిటి?" అని ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ అడిగితే జవాబుండాలి కదా. అలర్టుల మీద కూర్చుంటే మాత్రం ఇది మంచి ప్రాజెక్టే. డిస్క్ 90 శాతం నిండాక మోగాలా, ఈ వేగంతో పోతే నాలుగు గంటల్లో నిండుతుందనగా మోగాలా? దీని మీదే నెల రోజుల పనుంది.

కుబర్నెటిస్‌కి కుబెడమ్ అనే ఇన్‌స్టాల్ టూల్ వాడితే ఒక్కో మెషీన్‌కు కనీసం 2 జీబీ ర్యామ్ కావాలి. 8 జీబీ ల్యాప్‌టాప్‌లో మూడు వీఎంలు (వర్చువల్ మెషీన్లు) నడిపితే దానికి ఊపిరాడదు. ల్యాబ్‌లో మంచి సర్వర్ ఇస్తేనే దీని జోలికి వెళ్లండి. ఇక మిగతావి చూస్తే, ఆఫీసు లాగిన్లన్నీ ఒకచోట నుంచి నడిపే సాంబా డొమైన్ చిన్న పని. సర్వర్ల సెటప్‌ను ఆటోమేట్ చేసే యాన్సిబుల్ విడిగా కంటే వేరే ప్రాజెక్టులో పనిముట్టుగా బాగుంటుంది.

నేను చూసేది ఒక్కటే: వైవాలో అందరి ముందూ సిస్టమ్‌ని పాడుచేసి, మళ్లీ నిలబెట్టి చూపించగలరా? 2017 జనవరి 31న కోడ్ దాచుకునే సైట్ గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజినీరు పొరపాటున అసలు డేటాబేస్ డైరెక్టరీనే తుడిచేశాడు. బ్యాకప్ ఏర్పాట్లు చాలానే ఉన్నాయి. తీరా చూస్తే వాళ్ల డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ వెర్షన్ తేడా వల్ల డంప్ (డేటానంతా ఫైల్‌గా తీసే పని) ఎప్పటినుంచో ఫెయిలవుతోంది, ఆ సంగతి చెప్పే మెయిల్స్ ఎవరికీ చేరలేదు. చివరికి ఆరు గంటల ముందటి స్నాప్‌షాట్ (అప్పటి డిస్క్ నకలు) ఆదుకుంది.

నా మొదటి ఉద్యోగంలోనూ ఇంతే. రోజూ రాత్రి బ్యాకప్ తీసే క్రాన్ జాబ్ (టైముకు తనంతట నడిచే పని) నడుస్తోంది, పొద్దున్నే తారీఖుతో సహా ఫైల్ కనిపిస్తోంది. ఒకరోజు ఏదో పాత టేబుల్ కావాలని వెతికితే నెల రోజుల ఫైళ్లన్నీ సున్నా బైట్లు. బ్యాకప్ డిస్క్ నిండిపోయిందని ఎవరూ చూడలేదు. ఆ ఉదయం పడ్డ టెన్షన్ ఇప్పటికీ మర్చిపోలేదు.

అందుకే నా ఓటు బ్యాకప్‌కే. రెండు వీఎంలు, రీస్టోర్ పరీక్షకు అప్పటికప్పుడు పెట్టుకునేది ఇంకొకటి, అంతే చాలు. మారియాడీబీ డేటాబేస్ డంప్‌ను రెస్టిక్ అనే బ్యాకప్ టూల్‌తో రెండో మెషీన్‌కి పంపండి. దాన్ని వారానికోసారి కొత్త వీఎంలోకి తనంతట తానే రీస్టోర్ చేసి, టేబుళ్లలో వరుసల సంఖ్య సరిపోయిందో లేదో చూసే స్క్రిప్టు రాయండి. ఆ కొత్త వీఎంను సిద్ధం చేసే పని యాన్సిబుల్‌కి అప్పగించండి. వైవా రోజు డేటా డైరెక్టరీ తీసేసి, గడియారం పెట్టి మొదలెట్టండి.

అంతకు ముందే రీస్టోర్ పద్ధతిని కాగితం మీద రాసి పక్క బ్యాచ్ వాళ్లకివ్వండి, మీరు పక్కన నిలబడి నోరెత్తకండి. వాళ్లు ఎక్కడెక్కడ ఆగిపోయారో అంతా రిపోర్టులో పెట్టండి. ఫ్రెషర్ల ఇంటర్వ్యూలో నేను ముందు అడిగేది ఆ పేజీ గురించే.