గ్లాస్ బాటమ్ డిష్: నాలుగేళ్లు వాడాక

35 మి.మీ. ప్లాస్టిక్ డిష్ అడుగున గుండ్రంగా రంధ్రం చేసి, కవర్‌స్లిప్ (పలుచని గాజు బిళ్ల) అతికించి అమ్ముతారు, సెల్స్ (కణాలు) అందులోనే పెంచి ఆ గాజులోంచి మైక్రోస్కోప్‌తో చూడటానికి. అంతే. దీనికింత ధరా అని మొదట్లో మా ల్యాబ్ మేడమ్ ముఖం చిట్లించారు. నాకూ అలాగే అనిపించింది.

అంతకుముందు సిక్స్ వెల్ ప్లేట్‌లో (ఆరు గుంటల పళ్లెం) కవర్‌స్లిప్‌లు వేసి సెల్స్ పెంచేవాళ్లం. హీలా సెల్స్‌తో (మనిషి క్యాన్సర్ కణితి నుంచి వచ్చినవి) పేచీ లేదు, గట్టిగా అతుక్కుంటాయి. గొడవంతా హెక్ 293 (మనిషి పిండం కిడ్నీ నుంచి వచ్చిన సెల్స్) తోనే. పీబీఎస్ (కడిగే ఉప్పు ద్రావణం) కాస్త జోరుగా పోస్తే చాలు, పొర మొత్తం చాపలా లేచొచ్చేది. ఫోర్సెప్స్‌తో తీసేటప్పుడు కొన్ని స్లిప్‌లు విరిగేవి, మిగిలినవాటికి సెల్స్ ఏ వైపున్నాయో తెలిసేది కాదు. చివర్లో నెయిల్ పాలిష్‌తో సీల్ చేయడం మరో పని. ఆ సీసా నాదే, మళ్లీ ఇంటికి రాలేదు.

డిష్‌లో అయితే పెంచినచోటే ఫిక్స్ చేసి (రసాయనంతో సెల్స్‌ను ఉన్నవి ఉన్నట్టు నిలిపి), యాంటీబాడీ (కావలసిన ప్రోటీన్‌కు అతుక్కుని దాన్ని చూపించేది) వేసి చూసుకోవచ్చు. మధ్య గుంటకు 100 మైక్రోలీటర్ల యాంటీబాడీ చాలు, డిష్ ఖర్చు కొంత అక్కడే రాబట్టాం. సెల్స్ కూడా ముందు ఆ గుంటలోనే 200 మైక్రోలీటర్లు వేసి, గంటసేపు ఇంక్యుబేటర్‌లో ఉంచి, అతుక్కున్నాక గోడవారగా 2 మి.లీ. మీడియా (సెల్స్ పెరిగే పోషక ద్రవం) పోస్తాను. ఒకేసారి పోస్తే సగం సెల్స్ ప్లాస్టిక్ మీదికి పోతాయి. మా 60ఎక్స్ ఆయిల్ లెన్స్‌కు (నూనె చుక్కతో గాజుకు దగ్గరగా ఆనించి చూసేది) అక్కడున్నవి అందవు. ప్లాస్టిక్ చాలా మందం, గాజు 0.17 మి.మీ. మాత్రమే.

అయితే ఉత్త గాజు మీద హెక్ సెల్స్ నిలవవు. ముందు పాలీ-ఎల్-లైసిన్ పూయాలి. దాని ధనావేశానికి సెల్స్ పైపొర ఋణావేశం పట్టుకుంటుంది. పూశాక మూడుసార్లు కడగాలి, మిగిలిపోతే అదే సెల్స్‌కు విషం. నేనొకసారి తొందరలో ఒక్కసారే కడిగాను. మర్నాడు సెల్స్ గుండ్రంగా తేలుతుంటే ఇంక్యుబేటర్‌ను అనుమానించి రెండు రోజులు దాని చుట్టూ తిరిగాను.

లోపాలూ ఉన్నాయి. ఒక బ్యాచ్‌లో అతుకు దగ్గర కారి, మీడియా లెన్స్ ఆయిల్‌లో కలిసింది. ఆ రోజు టెన్షన్ చెప్పలేను. అప్పటినుంచి ప్రతి ప్యాకెట్‌లో ఒక డిష్‌లో నీళ్లు పోసి, టిష్యూ మీద రాత్రంతా ఉంచుతున్నాను. లైవ్ ఇమేజింగ్‌లో (బతికున్న సెల్స్‌ను చూసేటప్పుడు) డిష్‌ను 37 డిగ్రీల నుంచి తెచ్చి ఏసీ గదిలో పెట్టగానే ఫోకస్ జారుతుంది. వేడి స్టేజ్ మీద అరగంట వదిలేసి టీ తాగొస్తాను. ఫినాల్ రెడ్ (మీడియాలో కలిపే ఎర్ర రంగు) లేని మీడియా వాడితే వెనకాల మెరుపు తగ్గుతుంది.

బతికున్న సెల్స్‌కు, హెక్‌కు ఇదే కొంటాను. ఫిక్స్ చేసి దాచుకునే హీలాకు మాత్రం ఇప్పటికీ కవర్‌స్లిప్పే. నెలల తరబడి డిష్‌లు పెట్టుకునేంత చోటు మా ఫ్రిజ్‌లో లేదు.