ఫాంటం 2, ఫాంటం 3, ప్యాకార్డ్ ట్వెల్వ్: పునరుద్ధరించిన పాతకాలపు రాజసం కొనాలంటే ఏది మేలు?

రెండో ప్రపంచ యుద్ధానికి ముందు తయారైన పెద్ద కార్లు అమ్మకానికి వచ్చినప్పుడు కొనేవాళ్ల చూపు ముందు రంగు మీద, తోలు సీట్ల మీద, రేడియేటర్ మీది బొమ్మ మీద పడుతుంది. ధర తేల్చాల్సింది మాత్రం బానెట్ కింద ఉన్నదే. ఈ తరగతి కార్లలో ఇంజిన్ పూర్తిగా విప్పి కట్టించే ఖర్చు ఒక్కోసారి మంచి కారుకూ మామూలు కారుకూ మధ్య ఉన్న ధర తేడాను మించిపోతుంది. అందుకే ఈ మూడింటినీ ఒకే ప్రశ్నతో తూచాలి: ఇంజిన్‌ను చివరిసారి ఎవరు విప్పారు, లోపల ఏం మార్చారు, దానికి కాగితం ఉందా?

మూడింటిలో ముందు వచ్చింది రోల్స్ రాయిస్ ఫాంటం 2. 1929 నుంచి 1935 వరకు 1,600 పైచిలుకు చాసిస్‌లు (ఇంజిన్, చక్రాలతో కూడిన, బాడీ లేని కింది చట్రాలు) తయారయ్యాయి. 7,668 సీసీ ఇంజిన్, వరసగా ఆరు సిలిండర్లు. మూడేసి సిలిండర్ల ఇనుప బ్లాకులు రెండు, వాటి మీద మూతలా ఒకే అల్యూమినియం హెడ్. ఈ కారు బలహీనత అక్కడే ఉంది. ఇనుమూ అల్యూమినియమూ ఒకే నీటిలో ఉంటే అల్యూమినియం తినుకుపోతుంది. తుప్పు నిరోధకం కలపకుండా ఏళ్లపాటు వట్టి నీళ్లతో నడిపిన కార్లలో హెడ్ లోపల నీటి దారులు గుల్లబారతాయి, వాల్వ్ సీట్ల మధ్య సన్నని పగుళ్లు వస్తాయి. పైనుంచి చూస్తే ఏమీ కనిపించదు. ఇంజిన్ వేడెక్కాక రేడియేటర్ మూత దగ్గర దహన వాయువు ఉందో లేదో రసాయన ద్రవంతో పరీక్షిస్తే తెలుస్తుంది. మూడు నిమిషాల పని. అమ్మేవారు దానికి ఒప్పుకోకపోతే బేరం అక్కడితో ఆపేయవచ్చు. ఈ ఇంజిన్‌కు కొత్త హెడ్‌లు పోతపోసే నిపుణులు ఉన్నారు కాబట్టి, కొత్త హెడ్ వేసిన బిల్లు ఉన్న ఫాంటం 2కు కాస్త ఎక్కువ పెట్టినా నష్టం లేదు.

అదే కంపెనీ చేసిన ఫాంటం 3 కథ వేరు. 1936 నుంచి 1939 వరకు 700 పైచిలుకు మాత్రమే వచ్చాయి. వి12 ఇంజిన్, 7,338 సీసీ, అల్యూమినియం బ్లాకులో తడి లైనర్లు (చుట్టూ నీరు నేరుగా తాకే సిలిండర్ గొట్టాలు), ఒక్కో సిలిండర్‌కు రెండేసి చొప్పున మొత్తం 24 ప్లగ్గులు. ముందు చక్రాలకు స్వతంత్ర సస్పెన్షన్ ఉండటంతో ఫాంటం 2 కన్నా ఎంతో హాయిగా నడుస్తుంది. నడిపి చూసినవాళ్లకు మరో కారు రుచించదు. చిక్కంతా హైడ్రాలిక్ టాపెట్లతో, అంటే క్యామ్‌షాఫ్ట్ కదలికను వాల్వ్‌లకు అందించే, నూనె ఒత్తిడితో పనిచేసే భాగాలతో వస్తుంది. వాటికి శుభ్రమైన నూనె తగిన ఒత్తిడితో అందాలి. నూనె మురికైనా, కారు నెలల తరబడి కదలక నిలిచినా టాపెట్ బిగుసుకుంటుంది. ఆ తర్వాత క్యామ్‌షాఫ్ట్ అరుగుతుంది. 1938లో కంపెనీయే హైడ్రాలిక్ వాటిని మానేసి గట్టి టాపెట్లకు మారిందంటే ఆ ఇబ్బంది ఎంతటిదో ఊహించవచ్చు. పాత కార్లలో చాలావాటికి తర్వాత గట్టి టాపెట్లు వేశారు. అది ఈ కారుకు లోపం కాదు, సరిగా చేసి ఉంటే మేలే. అసలు విడిభాగాలే ఉండాలని పట్టుబట్టే న్యాయనిర్ణేతల ముందు పోటీకి నిలబెట్టాలనుకునేవాళ్లు మాత్రమే దీని గురించి ఆలోచించాలి.

లైనర్ల కింది సీళ్లు వదిలితే నీరు క్రాంక్‌కేస్‌లోకి దిగి నూనెలో కలుస్తుంది. కారు రాత్రంతా నిలిచి ఉన్నాక, స్టార్ట్ చేయకముందే నూనె దింపే డ్రెయిన్ ప్లగ్ కాస్త వదులు చేయండి. మొదట నీటి చుక్కలు వస్తే కథ అర్థమైనట్టే. ఇగ్నిషన్‌కు రెండు వ్యవస్థలున్నాయి కాబట్టి ఒకదాని తర్వాత ఒకటి ఆపి చూడాలి. ఒకటి ఆపినప్పుడు వేగం కొద్దిగా తగ్గాలి, ఇంజిన్ కుంటకూడదు. కుంటితే అప్పుడు పని చేస్తున్న రెండో వ్యవస్థ డిస్ట్రిబ్యూటర్, కాయిల్ లేదా ప్లగ్గులు చూడాలి. పూర్తి ఇంజిన్ పని చేసిన బిల్లులు, ఫోటోలు లేని ఫాంటం 3ను ఎంత చవగ్గా ఇచ్చినా కొనకూడదు. ఇది కఠినమైన మాటే, కానీ 12 సిలిండర్ల అల్యూమినియం ఇంజిన్‌ను రెండోసారి విప్పాల్సి వస్తే చవగ్గా వచ్చిందన్న సంతోషం మిగలదు.

అమెరికా కారైన ప్యాకార్డ్ ట్వెల్వ్‌కు ఇలాంటి భయాలు తక్కువ. 1932లో ట్విన్ సిక్స్ పేరుతో మొదలై, మరుసటి ఏడాది ట్వెల్వ్ అయ్యి 1939 వరకు సాగింది. మొత్తం ఐదు వేలకు పైగా వచ్చాయి. ఇంజిన్ పరిమాణం 1934 దాకా 445 ఘనపు అంగుళాలు, 160 హార్స్‌పవర్. 1935 నుంచి 473 ఘనపు అంగుళాలు, 175 హార్స్‌పవర్. ఇనుప బ్లాకులు కాబట్టి తుప్పు బురద పేరుకుంటే వేడెక్కుతుంది తప్ప ఫాంటం 3 అల్యూమినియం బ్లాకులా తినుకుపోదు. దీనిలోనూ వాల్వ్ శబ్దం తగ్గించే హైడ్రాలిక్ భాగాలున్నాయి. నిలిచిపోయిన కారులో అవి బిగుసుకుని టక్ టక్ మంటాయి. వేడెక్కి, కొన్ని నిమిషాలు నడిచాక ఆ శబ్దం ఆగితే మామూలే. వేడి మీద కూడా ఆగకపోతే విప్పి శుభ్రం చేయాల్సిందే.

ప్యాకార్డ్‌లో ఎక్కువ కలవరపెట్టేది ఇంజిన్ కన్నా జింక్ పోతలు. అమెరికా కార్లలో తలుపు హ్యాండిళ్లు, దీపాల చట్రాలు, కొన్ని కార్బురేటర్ భాగాలు ఆ లోహంతో పోసేవారు. కాలంతోపాటు అది ఉబ్బి, లోపలి నుంచి చిట్లి, పొడిగా రాలుతుంది. పైన క్రోమ్ పూత తళతళలాడుతూనే ఉంటుంది. పూత మీద బొబ్బలున్నాయేమో వేలితో తడిమి చూడండి. ఇక 1937 నుంచి ట్వెల్వ్‌కు హైడ్రాలిక్ బ్రేకులు, ముందు స్వతంత్ర సస్పెన్షన్ వచ్చాయి. రోడ్డు మీద నిజంగా నడపాలంటే ఆ ఏడాది నుంచి వచ్చిన కార్లే హాయి. అందం చూసేవాళ్లకు మాత్రం 1934 నాటి గీతలు ఎక్కువ నచ్చుతాయి, ధరలో కూడా అది కనిపిస్తుంది.

బ్రేకుల మాట వచ్చింది కాబట్టి: రోల్స్ రెండింట్లోనూ గేర్‌బాక్స్ నుంచి తిరిగే యాంత్రిక సర్వో, అంటే బ్రేకు మీద కాలి బలాన్ని పెంచే ఏర్పాటు, ఉంటుంది. చక్రాలు తిరిగితేనే అది సాయం చేస్తుంది. మనిషి నడక వేగంతో కారు నడుపుతూ బ్రేకు నొక్కితే సాయం కాస్త ఆలస్యంగా అందడం సహజం. 30 మైళ్ల వేగంలోనూ కాలు బిగదన్నాల్సి వస్తే సర్వో రాపిడి పళ్లేనికి నూనె అంటిందని అనుమానించాలి. రోల్స్‌లో పెడల్ తొక్కితే చాసిస్ అంతటికీ నూనె చేరే ఏర్పాటు కూడా ఉంది. గొట్టాల చివర్లు మూసుకుపోతే అది ఎంత తొక్కినా పని చేయదు. కింద దూరి ప్రతి కీలు దగ్గర తడి ఉందో లేదో చూడండి. అన్నీ పొడిగా ఉంటే ఆ పునరుద్ధరణ పైపై మెరుగులతోనే సరిపెట్టారని అర్థం.

ఇక బాడీ. రోల్స్ రాయిస్ అప్పట్లో చాసిస్ మాత్రమే అమ్మేది. బార్కర్, హూపర్, పార్క్ వార్డ్, థ్రప్ అండ్ మేబర్లీ వంటివాళ్లు బాడీ కట్టేవారు. దాంతో పెద్ద మోసం ఇక్కడే జరుగుతుంది: బరువైన లిమోసిన్ బాడీ తీసేసి, తెరిచిన టూరర్ బాడీ కొత్తగా కట్టి, అసలుదన్నట్టు అమ్మడం. తెరిచిన కారు ధర మూసిన దాని కన్నా ఎంతో ఎక్కువ కాబట్టి ఆశ సహజం. ఇంగ్లండ్‌లో రోల్స్ రాయిస్ ఎన్‌థూసియాస్ట్స్ క్లబ్ హంట్ హౌస్‌లో అసలు చాసిస్ కార్డులు భద్రపరిచింది. మొదటి బాడీ ఎవరు కట్టారో, ఏ రకమో అందులో రాసి ఉంటుంది. దాన్ని తెప్పించకుండా డబ్బు కట్టకూడదు. ప్యాకార్డ్‌కైతే ఫైర్‌వాల్ (ఇంజిన్‌కూ కూర్చునే చోటికీ మధ్య అడ్డు రేకు) మీద డీలర్ పేరు, డెలివరీ తేదీ ఉన్న ఫలకం చూడాలి. దాని మీద ఉన్న నంబరు, ఇంజిన్ నంబరు, బాడీ రకం ఒకదానితో ఒకటి పొసగాలి. ఫలకం కొత్తగా మెరుస్తుంటే, దాని రివెట్లు ఎప్పటివో అడగండి.

లోపల చెక్క ఫ్రేము ఎలా ఉందో తలుపులే చెబుతాయి. కీలు వైపు కాక తాళం వైపు తలుపును పట్టి పైకి ఎత్తితే ఆట కనిపించకూడదు. అలాగే మూసిన తలుపుకూ స్తంభానికీ మధ్య సందు పై నుంచి కింద వరకు ఒకేలా ఉండాలి. సందు ఒకేలా లేకపోతే చెక్క కుళ్లిందేమో చూడాలి. కుళ్లి ఉంటే, రంగు వేయించినవాళ్లు దాన్ని బాగు చేయించలేదు, కప్పేశారు.

మూడింటినీ నడిపి చూసేటప్పుడు ముందే వేడి చేసి పెట్టవద్దని అమ్మేవారికి చెప్పండి. చల్లటి ఇంజిన్ మీద చేయి పెట్టి చూశాకే స్టార్ట్ చేయించండి. కనీసం 40 నిమిషాలు నడిపి, ఆపి, పది నిమిషాల తర్వాత మళ్లీ స్టార్ట్ చేయండి. వేడి మీద మొరాయించే కారు ఎండాకాలంలో రోడ్డు మీద ఆగిపోతుంది. ఇప్పటి పెట్రోలు, ముఖ్యంగా ఇథనాల్ కలిసినది, పాత ఇంజిన్ల వేడికి గొట్టాల్లోనే ఆవిరవుతుంది. చాలామంది ఎలక్ట్రిక్ పంపు ఒకటి అదనంగా వేయిస్తారు. అది కనిపించకుండా అమర్చి ఉంటే మంచి పనితనం. వేడి నూనె మీద ఒత్తిడి ఎంతుందో, సిలిండర్ల కంప్రెషన్‌లో పది శాతానికి మించి తేడా ఉందో లేదో రాసుకోండి.

తరచూ నడపాలనుకునేవారికి 1937 నుంచి 1939 మధ్య ప్యాకార్డ్ ట్వెల్వ్ మేలు. పిస్టన్లు, గాస్కెట్ల వంటివి దొరుకుతాయి, అమెరికాలో దాన్ని తెలిసిన చేతులున్నాయి, మెయింటెనెన్స్ కూడా మూడింట్లో తక్కువే. ఒక శిల్పిలా చేతితో కట్టిన బాడీ కావాలి, నెమ్మదైన ప్రయాణం చాలు అనుకుంటే కొత్త హెడ్ వేసిన ఫాంటం 2. ఆ రెండూ నడిపి చూసి, ఖర్చుకు వెనకాడనివారు, అదీ ఇంజిన్ పని చేయించిన కాగితాలన్నీ చేతిలో ఉంటే, ఫాంటం 3. గరాజ్ కొలవడం మరిచిపోకండి: ఫాంటం 2 చక్రాల నడిమి దూరమే 144 లేదా 150 అంగుళాలు, ముందూ వెనకా బంపర్లు కలిపితే మామూలు గరాజ్‌లో పట్టేది కాదు.