హూటర్ మోగింది, కానీ 4:29కి: డిమాండ్ కంట్రోలర్‌తో నాలుగు వేసవులు

మా కాంప్లెక్స్ విజయవాడలో, బందరు రోడ్డుకి దగ్గర. కింద బట్టల షాపు, పైన డయాగ్నస్టిక్ ల్యాబు, ఆ పైన కోచింగ్ సెంటరు, రెండు చిన్న ఆఫీసులు. కరెంటు కనెక్షన్ అందరికీ కలిపి ఒకటే, 200 కేవీఏ (ఒక సమయంలో లాగే లోడుకి కొలత) హెచ్‌టీ, అంటే హై టెన్షన్. లోపల ఎవరి సబ్‌మీటరు వాళ్లది. బిల్లు కట్టేదీ, కట్టాక తిట్లు తినేదీ నేను.

2022 ఫిబ్రవరిలో డిమాండ్ కంట్రోలర్ పెట్టించాం. కరెంటు ఆఫీసుతో ఒప్పుకున్న లోడు పరిమితి (సీఎండీ, మాకు 200 కేవీఏ) దాటకుండా కాపలా కాసే పెట్టె అది. నాకు దాంట్లో నచ్చింది ఒక్కటే, హూటర్. సీఎండీ దాటబోతోందంటే పానెల్ రూము నుంచి గేటు దాకా వినపడేలా అరుస్తుంది. వాచ్‌మన్ పరిగెత్తి వెళ్లి కోచింగ్ సెంటరు ఏసీల బ్రేకర్ దించేస్తాడు. దానంతటదే దించే ఏర్పాటు కూడా ఉంది కానీ, క్లాసు మధ్యలో చెప్పకుండా ఆపితే ఒప్పుకోమని వాళ్లు అనడంతో దాని జోలికి పోలేదు. 2022, 2023 వేసవులు రెండూ ఒక్క కేవీఏ కూడా దాటకుండా గడిచాయి. పెట్టిన డబ్బు రెండో వేసవికే తిరిగొచ్చేసింది. అప్పట్లో మా ఓనర్ల గ్రూపులో "జీతం లేని ఉద్యోగి దొరికాడు" అని రాశాను. ఆ మాట వెనక్కి తీసుకోను గానీ, ఆ ఉద్యోగికి గడియారం చూడటం రాదని కలపాలి.

2024 మే నెల. లైన్ పని ఉందని మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా సప్లై తీశారు. ఆ రెండు గంటలూ లిఫ్టు, లైట్లు, ల్యాబు మాత్రమే జనరేటర్ మీద నడిచాయి. చెప్పిన టైముకి, సరిగ్గా నాలుక్కి కరెంటొచ్చింది. మనవాళ్లు చెప్పిన టైముకి కరెంటిస్తే నష్టపోతామని ఆ రోజే తెలిసింది. రెండు గంటలుగా ఉడికిపోయిన గదులన్నిట్లో ఏసీలు ఒక్కసారే లేచాయి. కంట్రోలర్‌లో ఒకదాని తర్వాత ఒకటి ఆన్ చేసే టైమర్ ఉంది కానీ, షాపులో కస్టమర్లు చెమటలు కక్కుతుంటే బేరం పోతుందని బట్టల షాపాయన అంతకు ముందు నెలే దాన్ని తీయించేశాడు. సరే అన్నది నేనే.

4:29కి హూటర్ మోగింది. నేను అక్కడే ఉన్నాను. వాచ్‌మన్ "సార్, మోగుతోంది" అని పరిగెత్తాడు, బ్రేకర్ దించాడు, లోడు 170కి పడింది. గట్టెక్కాం అనుకున్నాను. గ్రూపులో ఫొటో కూడా పెట్టాను.

తర్వాతి నెల బిల్లులో ఆర్‌ఎండీ, అంటే మీటరులో నమోదైన అత్యధిక డిమాండ్, 224.

మీటరు తప్పనుకుని డివిజన్ ఆఫీసుకి వెళ్లి లోడ్ సర్వే (మీటరు అరగంట అరగంటకీ రాసుకున్న లెక్క) అడిగాను. మా కనెక్షన్‌కి డిమాండ్ అరగంట లెక్క. అరగంటలో వాడిన యూనిట్లని (కేవీఏహెచ్) రెట్టింపు చేస్తే ఆ అరగంట డిమాండ్ వస్తుంది. ఆ కాగితంలో 4:00 నుంచి 4:30 గడిలో 224 స్పష్టంగా ఉంది. మరి హూటర్ ముందే ఎందుకు మోగలేదు?

టెక్నీషియన్ వచ్చి గంటసేపు వైర్లు వెతికాడు. ఏమీ దొరకలేదు. చివరికి నేనే మీటరింగ్ రూములో మీటరు బటన్ నొక్కుతూ కూర్చుంటే తెరమీద టైము వచ్చింది, 10:20. ఇటు తిరిగి కంట్రోలర్ చూస్తే 10:31. రెండేళ్లలో దాని గడియారం 11 నిమిషాలు ముందుకి జరిగిపోయింది.

ఆ 11 నిమిషాల వల్ల ఏమైందో చూడండి. మీటరు అరగంట నాలుక్కి మొదలైంది. కంట్రోలర్ అరగంట 3:49కే మొదలై 4:19కి అయిపోయింది. అందులో మొదటి 11 నిమిషాలు అసలు సప్లై లేదు. మిగతా 19 నిమిషాల్లో 224 నడిచినా, సగటున దానికి కనిపించింది 142. మోగడానికి కారణమే లేదు. 4:19కి కొత్త అరగంట మొదలెట్టింది. ఆ అరగంట ఎంతతో ముగుస్తుందో మొదటి పది నిమిషాలు అది అంచనా వేయదు, సెట్టింగే అంత. పది నిమిషాలు చూసి 4:29కి అరిచింది. అప్పటికి అసలు మీటరుకి మిగిలింది ఒక్క నిమిషం. మేం లోడు తగ్గించాక దాని లెక్కలో ఆ అరగంట కూడా 190తో ముగిసింది. అంటే ఇప్పటికీ దాని మెమరీలో ఆ రోజు మేం 200 దాటలేదు!

"మూడు నెలలకోసారి టైము సరిచూసుకోమని బుక్కులో ఉంది సార్" అన్నాడు టెక్నీషియన్. ఉంది. 38వ పేజీలో, చీమ తలకాయంత అక్షరాల్లో.

దాటిన 24 కేవీఏకి రెట్టింపు రేటు. మాకు కేవీఏకి 475, అంటే 22,800 రూపాయలు. మునిగిపోయేంత డబ్బేమీ కాదు. కానీ దాన్ని ఎవరి మీద వేయాలి? సబ్‌మీటర్లు యూనిట్లే చూపిస్తాయి, ఆ అరగంటలో ఎవరెంత లాగారో చూపించవు. కోచింగ్ సెంటరు వాళ్లు "బ్రేకర్ దించింది మాదేగా, మళ్లీ మేమెందుకు కట్టాలి" అన్నారు. న్యాయమే. బట్టల షాపాయన ఫోనే ఎత్తలేదు. చివరికి మెయింటెనెన్స్ డబ్బుల్లోంచి కట్టాం.

ఈ పెట్టె కొంటే బిల్లు తగ్గుతుందని ఎవరైనా అంటే, బిల్లులో ఏ లైను అని అడగండి. 2022 ఏప్రిల్‌లో కమర్షియల్ కరెంటు సుంకం యూనిట్‌కి 6 పైసల నుంచి ఏకంగా రూపాయికి పెరిగింది. 2023 నుంచి ఇంధన సర్దుబాటు పేరుతో యూనిట్‌కి 40 పైసల దాకా రెండు నెలలు ఆలస్యంగా వచ్చి పడుతోంది. అది చాలదన్నట్టు 2021-22లో వాడిన యూనిట్లకి 2023లో సర్దుబాటు వేశారు. అప్పటికి ఆ యూనిట్లు వాడిన ఆఫీసువాళ్లలో ఒకరు ఖాళీ చేసి అడ్వాన్సు కూడా తీసుకుని వెళ్లిపోయారు. ఇవన్నీ యూనిట్ల మీద పడేవి, కంట్రోలర్ చూసేది డిమాండ్ ఒక్కటే. వీటి ముందు హూటర్ ఎంత మోగినా ఒకటే. (అప్పట్నుంచి ఎవరు ఖాళీ చేసినా అడ్వాన్సులో కొంత ఆరు నెలలు ఆపుతున్నాను. కంట్రోలర్ కన్నా ఇదే ఎక్కువ కాపాడింది.)

కరెంటు అమ్ముకునే, కొనుక్కునే ఎక్స్ఛేంజ్‌లో చవకగా కొనిపిస్తానని ఒకాయన చాలాకాలం తిరిగాడు. ఒక మెగావాటు ఉంటేగాని కుదరదు కాబట్టి అప్పట్లో మాకా గొడవ లేకపోయింది. 2022 మార్చిలో అదే ఎక్స్ఛేంజ్‌లో యూనిట్ 20 రూపాయలకి ఎక్కి, ఏప్రిల్‌లో కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి 12 దగ్గర ఆపాల్సి వచ్చింది. ఆ జూన్‌లో గ్రీన్ ఓపెన్ యాక్సెస్‌కి (సోలార్‌లాంటి కరెంటు బయటినుంచి కొనుక్కునే వీలుకి) పరిమితి 100 కిలోవాట్లకి దించడంతో మళ్లీ వచ్చాడు. పైన పడే వీలింగ్ (లైన్లు వాడుకున్నందుకు చార్జీ), సర్‌చార్జీలు కలిపి నేను లెక్కేస్తే మా సైజుకి మిగిలేది పెద్దగా కనపడలేదు. ఫ్యాక్టరీవాళ్లకి వేరేలా ఉండొచ్చు.

మరి కంట్రోలర్ ఎందుకు, సీఎండీ 230కి పెంచుకుంటే పోలా అని అడుగుతారు. వాడినా వాడకపోయినా సీఎండీలో 80 శాతానికి కట్టాలి. ఇప్పుడు కనీసం 160, పెంచితే 184. మా లోడు చలికాలంలో 120 దాటదు, అంటే ఆ నెలల్లో నెలకి 11,400 ఊరికే పోతుంది. మాకు ఏడాదిలో మూడు నెలలే ఇబ్బంది కాబట్టి కంట్రోలరే నయం. ఏడాది పొడవునా ఒకే లోడు ఉండేవాళ్లు, ఏ ఏసీ కూడా ఆపలేని హాస్పిటల్లాంటివాళ్లు నా మాట పట్టుకుని కొనకండి. మా ల్యాబు ఫీడరు జోలికి నేనూ ఎప్పుడూ పోలేదు.

ఇప్పుడు ఒకటో తారీఖున రీడింగ్ ఫొటో తీసేటప్పుడే రెండు గడియారాలూ కలుపుతున్నాను. టైమర్ మళ్లీ పెట్టించాం, మూడేసి నిమిషాల తేడాతో. బట్టల షాపుకి మొదటి వంతు ఇస్తే ఆయన ఒప్పుకున్నాడు. పోయిన మే బిల్లులో ఆర్‌ఎండీ 197. ఖాళీ అయిన ఆఫీసులోకి డెంటల్ క్లినిక్ వస్తోంది. వాళ్ల ఏసీలు ఎన్నో ఇంకా చెప్పలేదు.