కొండవీడు ఎండల్లో 2 లీటర్ల నీళ్ల బ్లాడర్: మూడేళ్ల వాడకం తర్వాత

వీపు మీది బ్యాగులో ఒక మెత్తటి సంచి, భుజం మీదుగా నోటిదాకా వచ్చే మీటరు గొట్టం, దాని చివర కొరికితే నీళ్లొచ్చే సిలికాన్ మూతి. సరుకంతా ఇంతే. గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల కొండలెక్కేవాళ్లు కొనొచ్చా అంటే కొనొచ్చు. దీన్నొక్కదాన్నే నమ్ముకుని మే నెలలో ఎక్కడం మాత్రం వద్దు.

సీసా అయితే బ్యాగు దించాలి, మూత తిప్పాలి, మళ్లీ తగిలించుకోవాలి. ఆ బద్ధకానికి నాలుక పిడచకట్టే దాకా ఆగుతాం. గొట్టం గడ్డం కిందే ఉంటే పది నిమిషాలకోసారి రెండు గుక్కలు లోపలికి పోతాయి. ఎండలో ఎక్కుతున్నప్పుడు గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు తాగాల్సిందే. రాళ్లు పట్టుకుని ఎక్కే చోట రెండు చేతులూ ఖాళీగా ఉండడం ఇంకో లాభం.

అసలు లోపం, లోపల ఎన్ని మిగిలాయో కనపడకపోవడం. చివరి గుక్క దాకా నీళ్లు ఒకేలా వస్తాయి, తర్వాత గాలి. అందుకని పక్క జేబులో 1 లీటరు సీసా విడిగా ఉండాలి, సంచి ఖాళీ అయితే తప్ప దాని మూత తీయకూడదు. గంటకోసారి బ్యాగు దించి సంచిని చేత్తో తడిమి చూడాలి. సగానికి వచ్చిందంటే శిఖరం ఎంత దగ్గర్లో కనిపించినా వెనక్కి తిరగడమే. కొండవీడు పైన ముత్యాలమ్మ, పుట్టాలమ్మ, వెదుళ్ల చెరువులు ఉన్నాయి కదా అంటారు. అవి చూడ్డానికి బాగుంటాయి, తాగడానికి పనికిరావు. కొండవీటి చాంతాడు అన్న మాట ఊరికే పుట్టలేదు మరి.

రెండో చిక్కు వేడి. గొట్టంలో నిలిచిన నీళ్లు ఎండకి కాగుతాయి, మొదటి గుక్క టీలాగా తగులుతుంది. తాగగానే గొట్టంలోకి ఊదితే ఆ నీళ్లు సంచిలోకి వెళ్లిపోతాయి, గొట్టం ఖాళీ అవుతుంది. గొట్టానికి నూలుగుడ్డ చుట్టి తడిపితే వడగాలి రోజుల్లో కుండ పనిచేసినట్టే పనిచేస్తుంది. జులై ఉక్కపోతలో చుట్టినా దండగే, తడి ఆరితేగా చల్లబడడం! ముందురోజు రాత్రి సగం నీళ్లు నింపి ఫ్రీజర్లో పడుకోబెట్టి, తెల్లవారి మిగతా సగం పోస్తే చల్లదనం చాలాసేపు నిలుస్తుంది. గొట్టం విడదీసి బయటే ఉంచాలి. నిండుగా పోసి గడ్డకట్టిస్తే నీళ్లు దాదాపు 9 శాతం ఉబ్బి అతుకు విడిపోతుంది. రోహిణి కార్తెలో ఇన్ని చేసినా, పొద్దున అయిదున్నరకల్లా మొదలుపెట్టి తొమ్మిదికల్లా దిగిపోవడమే మందు.

సంచిలో నీళ్లు తప్ప ఇంకేమీ పోయొద్దు. పానకం మంగళగిరి కొండమీద స్వామికి సరే, ఈ సంచికి సరిపడదు. బెల్లం, ఓఆర్ఎస్, గ్లూకోజ్ ఏది పోసినా రెండు రోజుల్లో గొట్టం లోపల జిగురు, ఆ వెనకే నల్లచుక్కలు. మజ్జిగైతే ఆ వాసన ఎన్ని కడుగులు కడిగినా పోదు. ఓఆర్ఎస్ పొట్లం విడి సీసాలో, లీటరు నీళ్లకి ఒకటి లెక్కన కలుపుకోవాలి.

కొత్తలో ప్లాస్టిక్ వాసన కొడుతుంది. గోరువెచ్చని నీళ్లలో లీటరుకి ఒక పెద్ద చెంచా వంటసోడా కలిపి, సంచిలో పోసి, కొన్ని గొట్టంలోకి కూడా లాగి రాత్రంతా ఉంచితే చాలావరకు పోతుంది. బోరు నీళ్ల తెల్లచారలకి నిమ్మరసం. సోడా, నిమ్మరసం ఒకేసారి కలిపితే బుసబుస పొంగడమే తప్ప రెండూ పనిచేయవు, విడివిడిగా వాడాలి. మరిగే నీళ్లు పోస్తే అతుకులు మెత్తబడతాయి.

కడగడం కంటే ఆరబెట్టడమే కష్టం. సంచి గోడలు ఒకదానికొకటి అంటుకుని మధ్యలో తడి అలాగే ఉండిపోతుంది. లోపల కవ్వం నిలబెట్టి తలకిందులుగా వేలాడదీస్తే విచ్చుకుని ఆరుతుంది. గొట్టంలోకి దారం దూర్చి, చివర గుడ్డపీలిక ముడేసి లాగితే లోపలి జిగురు ఆ పీలికకి అంటుకుని వస్తుంది, దాని రంగు చూస్తే మళ్లీ అశ్రద్ధ చేయరు. వానాకాలంలో ఎంతకీ ఆరకపోతే ఖాళీ సంచిని ఫ్రీజర్లో పడేయండి, బూజు పట్టదు.

కారడం సాధారణంగా రెండు చోట్లే. మూత కింది రబ్బరు రింగులో ఇసుకరేణువు చిక్కుకుంటే ఒకటి, కొరికే మూతి చీలిక పెద్దదైతే ఇంకొకటి. రింగు వేలితో తీసి కడిగి పెడితే సరిపోతుంది. మూతి రెండో ఏడాదిలోనే మార్చాల్సి వచ్చింది, సంచికి మాత్రం ఇప్పటికీ చిల్లు లేదు. బయల్దేరే ముందురోజు సంచి నింపి, కింద పాత పేపరు, పైన బరువైన పుస్తకం పెట్టి గంటసేపు వదిలేయండి. పేపరు తడిసిందా, ఆ రింగే చూసుకోవాలి.