ఎర్ర తలుపు పోస్టర్‌తో వచ్చిన ఆ హారర్ వెబ్ సిరీస్‌కి డబ్బు కట్టేముందు ఇది చదవండి

ఏ సిరీసో వేరే చెప్పక్కర్లేదు. పాడుబడ్డ ఇల్లు, ఎర్ర తలుపు, ఆ తలుపు కిందనుంచి బయటికొచ్చిన వేళ్ళు. ఈమధ్య ఫోన్ తెరిస్తే చాలు ఆ పోస్టరే. మొదటి ఐదు ఎపిసోడ్లు ఉచితం, మిగతా మూడింటికి డబ్బు కట్టాలి. కట్టాను. ఇప్పుడే చివరిది అయిపోయింది, ఒళ్ళు మండిపోతోంది, అందుకే రాస్తున్నా. కథంతా చెప్పేస్తాను. సస్పెన్స్ పోతుందని బెంగ పెట్టుకోకండి, అందులో పోవడానికి ఏమీ లేదు.

అక్క చనిపోయిందని తెలిసి తమ్ముడు ఆ ఇంటికొస్తాడు. ఆవిడ శవం దొరికిన గదికి లోపలి గడియ వేసి ఉంది. ఇంకెవరూ లేని ఆ గదిలోంచి రోజూ రాత్రి తలుపు కొట్టిన చప్పుడు. మొదటి రెండు ఎపిసోడ్లు నిజంగానే బాగున్నాయి, అబద్ధమెందుకు. రెండో ఎపిసోడ్లో ఒక సీన్ ఉంది. తమ్ముడు తలుపుకి చెవి ఆనించి కూర్చుంటాడు. ఊరికే వేలితో ఒక్కసారి తడతాడు. కాసేపు ఏమీ ఉండదు. తర్వాత లోపలినుంచి రెండుసార్లు తట్టిన చప్పుడు. దెయ్యం లేదు, మ్యూజిక్ లేదు, వాడి ముఖం తప్ప ఇంకేమీ చూపించలేదు. నేను లేచి మా గది లైటేసుకున్నాను. ఆ ఒక్క సీన్ చూసే పర్సు తీశాను. మీరూ అలాగే తీస్తారు, అందుకే ఈ గోల.

డబ్బు కట్టాక మొదలైంది అసలు భాగోతం. ఆరో ఎపిసోడ్లో అర్ధరాత్రి అని చెప్పి మిట్టమధ్యాహ్నం తీసి పైన నీలిరంగు పులిమారు. నేలమీద చెట్టు నీడ గీత గీసినట్టు పడుతోంది. సగం కరిగిన కొవ్వొత్తి తర్వాతి షాట్‌కల్లా మళ్ళీ పెరిగింది. దెయ్యానికి కాళ్ళు వెనక్కి ఉంటాయంటారు కదా, ఈ దెయ్యానికి స్పోర్ట్స్ షూ ఉన్నాయి. తెల్లచీర అంచు కింద స్పష్టంగా కనబడతాయి, కావాలంటే ఆపి చూడండి. భయమంటారా, ఆ డ్యూటీ మొత్తం పిల్లికే ఇచ్చారు. కాసేపు నిశ్శబ్దం, ఢామ్మని ఒక శబ్దం, పిల్లి దూకుతుంది. చెవి పక్కన టపాకాయ పేలిస్తే ఎవడైనా ఉలిక్కిపడతాడు. దానికి డైరెక్టర్ ఎందుకు?

"చిన్న బడ్జెట్ అండీ, కొత్త కుర్రాళ్ళండీ, ప్రోత్సహించాలి" అని చాలామంది రాస్తున్నారు. బడ్జెట్‌కీ దీనికీ సంబంధమే లేదు. 'పారానార్మల్ యాక్టివిటీ' అనే హారర్ సినిమాని దాదాపు 15 వేల డాలర్లతో డైరెక్టర్ తన సొంత ఇంట్లోనే తీశాడు. పడగ్గదిలో స్టాండు మీద పెట్టిన కెమెరాతోనే జనాన్ని వణికించాడు. 1999లో వచ్చిన 'ది బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్' సినిమాలో భయమంతా ఒక మంత్రగత్తె గురించే, కానీ ఆవిడను ఒక్క ఫ్రేములో కూడా చూపించరు. డబ్బు లేకపోతే చూపించకండి, వినిపించండి. వీళ్ళకి ఆ సంగతి తెలుసు కూడా, రెండో ఎపిసోడ్లో చేసి చూపించారుగా! ఉచితంగా ఇచ్చినప్పుడు తెలిసింది డబ్బు తీసుకున్నాక మర్చిపోయారన్నమాట.

మిస్టరీ సంగతి ఇంకా ఘోరం. ఏడో ఎపిసోడ్లో అక్కకి కవల చెల్లెలు ఊడిపడుతుంది. అంతకుముందు ఎవరూ ఆవిడ పేరెత్తలేదు. పైగా రెండో ఎపిసోడ్లో గోడమీద ఫొటోని అంత దగ్గరగా చూపించారు, అందులో అమ్మ, ఒక ఆడపిల్ల, ఒక మగపిల్లాడు, అంతే. రోనాల్డ్ నాక్స్ అనే రచయిత 1929లోనే డిటెక్టివ్ కథలకి పది నియమాలు రాసి పెట్టాడు. ముందుగా పాఠకుణ్ణి సిద్ధం చేయకుండా కవలల్ని దింపకూడదన్నది వాటిలో చివరిది. దెయ్యాల్ని కూడా వద్దన్నాడనుకోండి, హారర్ కాబట్టి అది వదిలేద్దాం. కవలల్ని మాత్రం వదల్లేను.

సరే, ఇదంతా భరించాను. గదికి గడియ ఎవరు వేశారో, లోపలినుంచి కొట్టేదెవరో తెలిస్తే చాలనుకున్నాను. ఎందుకంటే డబ్బు కట్టే పేజీలో వాళ్ళు రాసింది అదే: "రహస్యం పూర్తిగా వీడే చివరి మూడు ఎపిసోడ్లు". స్క్రీన్‌షాట్ నా దగ్గర ఉంది.

ఎనిమిదో ఎపిసోడ్ చివరికొచ్చింది. తమ్ముడు తలుపు బద్దలుకొట్టాడు. చేతిలో టార్చ్. కెమెరా గదిలోకి పోదు, వాడి ముఖం మీదే ఉంటుంది. కళ్ళు పెద్దవవుతాయి, పెదాలు వణుకుతాయి, "నువ్వా?" అంటాడు. స్క్రీన్ నల్లబడింది. నెట్ ఆగిందనుకుని ఫోన్ ఊపాను కూడా. అప్పుడొచ్చాయి అక్షరాలు: "నిజం... రెండో సీజన్‌లో". దాని కిందే ముందస్తు బుకింగ్ బటన్, అదీ మెరుస్తూ!

నువ్వా అంటే ఎవడ్రా? అక్కా, చెల్లెలా, లేక ఆ దూకే పిల్లేనా?

కస్టమర్ కేర్ చాట్‌లో మర్యాదగానే అడిగాను, పూర్తిగా వీడుతుందని రాశారు, వీడలేదు, డబ్బు వెనక్కివ్వండి అని. వచ్చిన జవాబు: "మీరు అన్ని ఎపిసోడ్లూ చివరిదాకా చూసినట్టు మా రికార్డులో ఉంది. నచ్చకపోతే మధ్యలోనే ఆపేసేవారు కదండీ." పక్కన ఒక నవ్వు ముఖం! ఆ నవ్వు ముఖం దగ్గరే నాకు తిక్కరేగింది. ముడి విప్పుతామని చివరిదాకా కూర్చోబెట్టి, కూర్చున్నావు కాబట్టి నచ్చినట్టే అంటారా? స్క్రీన్‌షాట్ పంపాను. "మీ అమూల్యమైన అభిప్రాయానికి ధన్యవాదాలు" అని చాట్ మూసేశారు. అందులో అమూల్యమైనది నా డబ్బొక్కటే.

రేటింగ్ చూసి మోసపోయానని మీరంటారు, నిజమే, బుద్ధి గడ్డి తింది. ఇప్పుడు తీరిగ్గా చూస్తే ఐదు చుక్కలిచ్చినవాళ్ళలో చాలామంది "కుర్చీ అంచున కూర్చోబెట్టింది" అనే ఒకే ముక్క రాశారు, అదీ చివరి ఎపిసోడ్లు విడుదల కాకముందే. అసలు విషయం రెండు మూడు చుక్కలిచ్చినవాళ్ళు రాసినదాంట్లో ఉంది. "ముగింపు లేదు" అని ఒకరు ముందే మొత్తుకున్నారు, ఎవరు చదివారు కనక.

ఇక మీకు చెప్పేదేంటంటే, ఉచితంగా ఉన్న ఐదూ చూడండి, రెండోది తప్పకుండా చూడండి, అక్కడితో ఆపేయండి. ఇప్పటికే కట్టేసినవాళ్ళు ఖాతా సెట్టింగుల్లోకి వెళ్ళి ఆటో రెన్యువల్ ఆపేయండి, నాది నాకు తెలియకుండానే ఆన్‌లో ఉంది. డబ్బు కట్టిన పేజీ మార్చకముందే స్క్రీన్‌షాట్ తీసిపెట్టుకోండి. ఎవరికైనా డబ్బు వెనక్కి వచ్చి ఉంటే వాళ్ళకి ఏం రాస్తే వచ్చిందో చెప్పండి, నేనూ అదే రాస్తాను.