509 నివేదికలు: మామూలు మార్కులతో రెండు దరఖాస్తు సంవత్సరాలు వాడిన తరువాత

అమెరికాలో లా స్కూల్‌కు దరఖాస్తు చేసేవారు సీటు వస్తుందా రాదా అని అంచనా వేసుకోవడానికి సాధారణంగా రెండు సాధనాల మీద ఆధారపడతారు. జీపీఏ (కాలేజీ గ్రేడ్ల సగటు), ఎల్‌శాట్ (లా స్కూల్ ప్రవేశ పరీక్ష) స్కోరు నమోదు చేయగానే అవకాశాన్ని శాతంలో చూపించే వెబ్ క్యాలిక్యులేటర్లు మొదటివి. న్యాయవాదుల సంఘమైన అమెరికన్ బార్ అసోసియేషన్ గుర్తింపు ఉన్న ప్రతి లా స్కూల్ ఏటా డిసెంబరు 15 నాటికి ప్రచురించవలసిన 509 నివేదికలు రెండోవి. అసోసియేషన్ ప్రమాణాలలోని నిబంధన సంఖ్యే వాటి పేరుగా స్థిరపడింది. 2022 చివరి నుంచి రెండు దరఖాస్తు సంవత్సరాల పాటు నేను ఈ రెండింటినీ వాడాను. నావి మామూలు మార్కులు కనుక, అలాంటి మార్కులు ఉన్నవారికి ఈ నివేదికలు ఎక్కడ పనికివస్తాయో, ఎక్కడ పనికిరావో నా అనుభవం మేరకు రాస్తున్నాను.

నివేదిక తెరవడానికి ముందే తేల్చుకోవలసినది మన అసలు జీపీఏ. నా కాలేజీ ట్రాన్‌స్క్రిప్ట్‌లో 120 క్రెడిట్లకు 3.41 ఉండేది. మొదటి ఏడాది నాలుగు క్రెడిట్ల కెమిస్ట్రీ తప్పి మళ్ళీ చదివితే, కాలేజీ పాత ఎఫ్ గ్రేడును లెక్కలోంచి తీసివేసింది. ఎల్‌శాట్‌ను నిర్వహించే ఎల్‌శాక్ మాత్రం ట్రాన్‌స్క్రిప్ట్‌లో కనిపించే రెండు ప్రయత్నాలనూ కలిపే లెక్కిస్తుంది. అలా 124 క్రెడిట్లకు నా జీపీఏ 3.30 అయింది. లా స్కూళ్ళకు చేరేది, 509 నివేదికలలోని అంకెలతో పోల్చవలసినది ఆ 3.30 మాత్రమే. (భారతదేశంలో డిగ్రీ చేసినవారికి ఎల్‌శాక్ జీపీఏ అంకె ఇవ్వదు, సుపీరియర్, అబవ్ యావరేజ్, యావరేజ్, బిలో యావరేజ్ అనే నాలుగు మాటల్లో ఒకటి ఇస్తుంది. వారు జీపీఏ వరుసతో పోల్చుకోవడానికి ఏమీ ఉండదు కనుక ఎల్‌శాట్ వరుసనే శ్రద్ధగా చూడాలి.)

మొదటి సంవత్సరం నేను క్యాలిక్యులేటర్‌ను నమ్మాను. 154 ఎల్‌శాట్‌తో, 3.30 జీపీఏతో తొమ్మిది స్కూళ్ళకు జనవరిలో దరఖాస్తు చేశాను. వాటిలో నాలుగింటికి సగానికి పైగా అవకాశం ఉందని అది చూపింది. చివరకు రెండు వెయిట్‌లిస్టులు, ఏడు తిరస్కారాలు వచ్చాయి. చాలా స్కూళ్ళు దరఖాస్తులు అందిన వరుసలోనే సీట్లు నింపుకుంటూ పోతాయి. అక్టోబరులో పంపినవారికీ జనవరిలో పంపినవారికీ ఒకే శాతాన్ని చూపించే సాధనం ఆ ముఖ్యమైన విషయాన్నే వదిలేస్తుంది.

509 నివేదికను చదవడం నేర్చుకున్నది ఆ తరువాతే. అందులో ఆ ఏడాది చేరినవారి ఎల్‌శాట్, జీపీఏలకు 25, 50, 75వ పర్సెంటైళ్ళు ఇస్తారు. ఎల్‌శాట్ 25వ పర్సెంటైల్ 154 అని ఉంటే, తరగతిలో దాదాపు నాలుగోవంతు మంది ఆ స్కోరుతో గాని, అంతకంటే తక్కువతో గాని చేరారని అర్థం. నా స్కోరు అక్కడే ఉంది కదా అని నేను ధైర్యపడ్డాను, పొరబడ్డాను. జీపీఏ వరుసలోని అడుగు నాలుగోవంతు, ఎల్‌శాట్ వరుసలోని అడుగు నాలుగోవంతు ఒకే మనుషులు కారు. తక్కువ ఎల్‌శాట్‌తో చేరినవారిలో చాలామందికి మంచి జీపీఏ ఉంటుంది, తక్కువ జీపీఏతో చేరినవారిలో చాలామందికి మంచి ఎల్‌శాట్ ఉంటుంది. ర్యాంకింగులు మధ్యనున్న మీడియన్ అంకెలను లెక్కలోకి తీసుకుంటాయి కనుక, రెండు మీడియన్లనూ కిందికి లాగే విద్యార్థి కంటే కనీసం ఒకదాన్ని పైకి నిలిపే విద్యార్థికి స్కూల్ మొగ్గు చూపుతుంది. రెండింటిలోనూ అడుగున ఉన్నవారు ఎందరు చేరారన్నది నివేదికలో ఉండదు. ఈ సాధనానికున్న పెద్ద లోటు ఇదే, మామూలు మార్కులవారిని దెబ్బతీసేదీ ఇదే.

డిగ్రీ పూర్తయ్యాక జీపీఏ మారదు, కనుక నా చేతిలో ఉన్నది ఎల్‌శాట్ ఒక్కటే. ఏడు నెలలు చదివి 159 తెచ్చుకున్నాను. పెరిగిన మార్కులలో ఎక్కువ భాగం లాజిక్ గేమ్స్ (తర్కపు పజిళ్ళ) విభాగం నుంచే వచ్చింది; 2024 ఆగస్టు నుంచి ఆ విభాగాన్ని తీసివేశారు కనుక ఇప్పుడు రాసేవారు నా పద్ధతిని అనుసరించలేరు. రెండోసారి ఎల్‌శాట్ మీడియన్ 157 లేదా అంతకంటే తక్కువ ఉన్న స్కూళ్ళను మాత్రమే ఎంచుకున్నాను. ఒక్క ఏడాది నివేదికతో సరిపెట్టకుండా మూడేళ్ళవి పక్కపక్కన పెట్టి, మీడియన్ పెరుగుతూ పోతున్న స్కూళ్ళను జాబితాలోంచి తీసేశాను. అక్టోబరులో దరఖాస్తు చేసేవారి చేతిలో ఉండేది కిందటి డిసెంబరు నివేదికే కనుక ఈ పోలిక తప్పనిసరి. కెమిస్ట్రీ గురించి అరపేజీ అడెండమ్ (అదనపు వివరణ) జతచేశాను. సాకులు చెప్పకుండా ఏం జరిగిందో, తరువాతి గ్రేడ్లు ఎలా ఉన్నాయో మాత్రమే రాశాను. ఎనిమిది స్కూళ్ళలో నాలుగు సీటు ఇచ్చాయి.

సీటు వచ్చాకే నివేదికలోని మరో భాగం విలువ నాకు తెలిసింది. ఒక స్కూల్ ట్యూషన్‌లో సగం స్కాలర్‌షిప్‌గా ఇస్తామంది, మొదటి ఏడాది చివర 3.0 జీపీఏ నిలబెట్టుకోవాలని షరతు పెట్టింది. మూడుకు పైన ఉండడం కష్టమా అనిపించింది. కానీ లా స్కూళ్ళలో మొదటి ఏడాది గ్రేడ్లను సాధారణంగా ఒక నిర్ణీత సగటుకు కట్టుబడి ఇస్తారు, కనుక అందరూ ఎంత బాగా రాసినా కొందరు ఆ గీతకు కింద పడక తప్పదు. షరతుతో స్కాలర్‌షిప్ పొందినవారు ఎందరో, వారిలో ఎందరికి దాన్ని తగ్గించారో లేదా రద్దు చేశారో 509 నివేదికలో సంవత్సరాల వారీగా పట్టిక ఉంటుంది. అది చూశాక ఆ స్కూల్‌ను వదులుకుని, తక్కువ మొత్తమే అయినా షరతు లేని స్కాలర్‌షిప్ ఇచ్చిన చోట చేరాను. చదువు మధ్యలో వెళ్ళిపోయినవారి సంఖ్య కూడా ఆ నివేదికలోనే దొరుకుతుంది.

న్యాయవాదిగా పనిచేయడానికి రాయవలసిన బార్ పరీక్ష ఫలితాలను అసోసియేషన్ విడిగా ప్రచురిస్తుంది, వాటినీ కలిపి చూడండి. పరీక్ష రాసిన పట్టభద్రులలో కనీసం 75 శాతం మంది రెండేళ్ళలోపు ఉత్తీర్ణులు కావాలన్నది గుర్తింపు నిబంధన. ఆ గీతకు దగ్గరలో తచ్చాడుతున్న స్కూల్ సులభంగా సీటు ఇచ్చినా నేను తీసుకునేవాణ్ణి కాదు.

నేను చేరిన ఏడాది డిసెంబరులో మా తరగతి నివేదిక వెలువడింది. జీపీఏ 25వ పర్సెంటైల్ 3.32, ఎల్‌శాట్ మీడియన్ 157. నా 3.30 మొదటి అంకెకు కిందా, నా 159 రెండో అంకెకు పైనా ఉన్నాయి.