మల్టీఫోకల్ అని చెప్పి మామూలు లెన్సులు అంటగట్టారు, కొనేవారు జాగ్రత్త

నలభై ఏడేళ్ళు వచ్చి, చత్వారం కూడా మొదలయ్యాక కాంటాక్టు లెన్సుల మీద మోజు పడటమే నా తప్పని ఇంట్లో అందరూ అంటున్నారు. అననివ్వండి. నరసాపురంలో లేసు అల్లికలు సరిచూసే పని నాది. చెమటకు ముక్కు మీంచి జారిపోయే కళ్ళజోడుతో విసిగిపోయి, దూరానికి మైనస్ 2.25, దగ్గరకు అదనంగా ప్లస్ 1.75 అని రాసిన చీటీ పట్టుకుని, భీమవరంలో అందరికీ తెలిసిన ఒక కళ్ళజోళ్ళ దుకాణానికి వెళ్ళాను. రెండు డబ్బాలకు 6,800 రూపాయలు పుచ్చుకున్నారు. ఇవి మల్టీఫోకల్ లెన్సులని, ఒకే లెన్సులో దూరపు పవరూ దగ్గర పవరూ వలయాలుగా ఉంటాయని, రెండూ ఒకేసారి కంట్లోకి వస్తే కావలసినదాన్ని మెదడే ఎంచుకుంటుందని, అలవాటు పడటానికి రెండు వారాలు పట్టవచ్చని చెప్పారు. అందులో అబద్ధమేమీ లేదు. నాకిచ్చిన లెన్సులు మాత్రం అవి కావు.

కాలువ గట్టు మీద స్కూటీ నడిపేటప్పుడు చూపు శుభ్రంగానే ఉండేది కాని, లేసు ఒడిలోకి తీసుకుంటే పువ్వుల మధ్య కన్నాలన్నీ పూడిపోయి మీగడ తరకలా కనిపించేది. అలవాటు కాలేదేమోనని పద్నాలుగు రోజులు ఓర్చుకున్నాను. నిజానికి నాకున్న మైనస్ వల్ల, కళ్ళజోడు తీసేస్తే ఒడిలోని లేసు బాగానే కనిపిస్తుంది. అంటే డబ్బు పోసి, ఉన్న దగ్గరచూపును కూడా పోగొట్టుకున్నానన్నమాట. పదిహేనో రోజు రాత్రి లెన్సులు తీసేసి, డబ్బాను ముఖానికి దగ్గరగా పెట్టుకుని చదివితే, మైనస్ 2.25 ఉంది, దగ్గరచూపు పవరు తెలిపే ఏడీడీ అన్న అక్షరాలే లేవు. దుకాణం వారు అంటించిన ధర చీటీని గోటితో గీకితే అడుగున 1,150 అని బయటపడింది.

మర్నాడు వెళ్ళి అడిగితే, కౌంటరు దగ్గరి అబ్బాయి డబ్బా వైపు చూడనైనా చూడకుండా, పదిమంది వింటుండగా, "మనవల్ని ఎత్తుకునే వయసులో ఈ సోకులెందుకండీ, మూడొందలు పెడితే చదువుకునే అద్దాలొస్తాయి కదా" అన్నాడు. బెంచీ మీద కూర్చున్న ఇద్దరు నవ్వారు. "అండీ" అన్నాడు కాబట్టి అది మర్యాదే అనుకోవాలి కాబోలు. మా అమ్మాయి ఇంకా ఇంటర్మీడియట్ చదువుతోందని, నాకు మనవలు లేరని చెప్పడానికి కూడా నోరు రాలేదు. తిరుగు బస్సు వీరవాసరం దాటాక గాని, అక్కడ అనవలసిన మాటలన్నీ వరసగా తోచలేదు. తెరిచిన డబ్బా వెనక్కి తీసుకోరట. బిల్లు మీద "లెన్సులు 2" అని మాత్రమే ఉంటే చూసుకోకుండా మడిచి సంచిలో పెట్టుకున్న తెలివి నాది.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. మీరు కొనేటట్లయితే, డబ్బు కట్టే ముందే డబ్బా మీద ఏడీడీ పక్కన ప్లస్ అంకె గాని, లో (తక్కువ), మెడ్ (మధ్యస్థం), హై (ఎక్కువ) అన్న గుర్తు గాని ఉందో లేదో చూడండి. ముందుగా ట్రయల్ లెన్సులు పెట్టించుకుని, మీరు రోజూ చేసే పనిని అక్కడే చేసి చూడండి. బిల్లు మీద మల్టీఫోకల్ అన్న మాట రాయించుకోండి.